ఇటుక కొనేముందు అడ్వాన్స్ లెక్క అడగండి: సప్లై చైన్‌లో వెట్టిని ఆపే సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్ చుట్టుపక్కల లేస్తున్న ఇళ్లకు, అపార్ట్‌మెంట్లకు వెళ్లే ఎర్ర ఇటుకలో ఒడిశా కుటుంబాలు చేసిన ఇటుక చాలా ఉంటుంది. బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి భార్యాభర్తలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఏటా చలికాలం ముందు యాదాద్రి భువనగిరి, రంగారెడ్డి, సంగారెడ్డి, పెద్దపల్లి వైపు బట్టీలకు వస్తారు. వానలు మొదలయ్యేదాకా అక్కడే ఉంటారు. ఊళ్లో ఉండగానే సర్దార్ (కూలీలను కుదిర్చి బట్టీకి తెచ్చే దళారీ) వాళ్ల చేతిలో పెట్టిన అడ్వాన్స్ తీరేదాకా చాలామందికి కదిలే వీలుండదు. ఆ ఇటుక లారీ ఎక్కి, ఇద్దరు వ్యాపారుల చేతులు మారి మీ సైట్‌లో దిగేసరికి బిల్లు మీద జీఎస్టీ నంబరు తప్ప ఏమీ కనిపించదు.

ఇటుక కొనే బిల్డర్లు, కాంట్రాక్టర్లు, కంపెనీల పర్చేజ్, హెచ్‌ఆర్ విభాగాల వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గ్రానైట్, రొయ్యలు, పత్తి విత్తనం కొనేవాళ్లకూ మెట్లు ఇవే, పేర్లు మారతాయి అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ‘మా దగ్గర వెట్టి లేదు, బాలకార్మికులు లేరు’ అని సరఫరాదారు సంతకం పెట్టి ఇచ్చే డిక్లరేషన్ వల్ల ఏ ఒక్క కుటుంబానికీ మేలు జరగదు. వెట్టి అడ్వాన్స్ చిట్టాలో ఉంటుంది, వెయ్యి ఇటుకల రేటులో ఉంటుంది. ఈ రెండూ చూడని తనిఖీ ఫైలు నింపడానికే పనికొస్తుంది.

మొదటి మెట్టు: దేన్ని వెట్టి అంటారో మీ టీమ్‌కు తెలియాలి

గొలుసులు, తాళాలు ఉంటేనే వెట్టి అనుకునేవాళ్లు మన ఆఫీసుల్లో ఇంకా ఉన్నారు. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల అక్రమ రవాణాను, వెట్టిని, ఆ కోవకు చెందిన బలవంతపు చాకిరీ మొత్తాన్ని నిషేధించింది. ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు 1982లో ఇంకా స్పష్టంగా చెప్పింది: కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అదీ బలవంతపు చాకిరీయే. ఆకలి, పేదరికం మనిషిని ఆ పనిలోకి తోస్తే దాన్ని ‘ఇష్టపడి చేస్తున్నాడు’ అనడానికి లేదు.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అడ్వాన్స్‌కు బదులుగా కూలీ నాలుగింటిలో ఏ ఒక్కటి పోగొట్టుకున్నా అది వెట్టే: కనీస వేతనం, మరోచోట పని చేసుకునే హక్కు, దేశంలో ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛ, తన కష్టాన్ని లేదా సరుకును మార్కెట్ ధరకు అమ్ముకునే హక్కు. ఆ అప్పు చట్టం దృష్టిలో రద్దయిపోయినట్టే. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన భారం కూడా అప్పిచ్చినవాడిదే. ఈ సంగతి తెలిసిన బట్టీ యజమానులు నాకు పెద్దగా తారసపడలేదు, తెలిసిన పర్చేజ్ మేనేజర్లు ఇంకా తక్కువ.

అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీకి 11 సూచికలు ఇచ్చింది. అప్పుతో కట్టేయడం, జీతం ఆపడం, ఆధార్ లాంటి గుర్తింపు పత్రాలు లాక్కోవడం, మోసం చేసి తీసుకురావడం, బయటికి పోనివ్వకపోవడం, బెదిరింపులు, విపరీతమైన పని గంటలు అందులో ఉన్నాయి. 2021లో ప్రపంచమంతటా 2.76 కోట్ల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారని ఆ సంస్థ అంచనా.

రెండో మెట్టు: లోడు వెనక బట్టీ, బట్టీ వెనక సర్దార్

మీ దగ్గరున్న వెండర్ల జాబితా ఇక్కడ పనికిరాదు. అందులో ఉండేది వ్యాపారి పేరు. అతను ఈ వారం ఒక బట్టీలో, వచ్చే వారం ఇంకో బట్టీలో ఎత్తుతాడు. కాబట్టి పర్చేజ్ ఆర్డర్‌లో ఒక్క షరతు చేర్చండి: ప్రతి లోడు చలాన్ మీద బట్టీ పేరు, ఊరు, యజమాని ఫోన్ నంబరు ఉండాలి, లేకపోతే సైట్ స్టోర్ కీపర్ లోడు దించుకోడు. మొదటి నెల గొడవ అవుతుంది. తర్వాత అలవాటు పడతారు, ఎందుకంటే ఇటుక ఏ బట్టీదో వ్యాపారికి తెలియకుండా ఉండదు.

బట్టీ దొరికాక అక్కడితో ఆగకండి. కుటుంబాలను తెచ్చింది ఎవరు, ఏ జిల్లా నుంచి, ఆ సర్దార్‌కు యజమాని ఎంత ఇచ్చాడు, సర్దార్ కుటుంబానికి ఎంత ఇచ్చాడు, ఇవన్నీ రాసుకోండి. చివరి రెండు మొత్తాల మధ్య తేడా ఎంత ఎక్కువుంటే కుటుంబం మెడకు అంత బిగుసుకున్నట్టు.

ఇక్కడ ఒక మాట. ఏఏసీ బ్లాకులకు (తేలికపాటి సిమెంటు బ్లాకులు), ఫ్లైయాష్ ఇటుకకు మారాం కాబట్టి మాకు ఈ సమస్య లేదు అంటారు పెద్ద బిల్డర్లు. మీ కంకర ఏ క్రషర్ నుంచి వస్తోంది? సెంట్రింగ్ పనికి బిహార్, జార్ఖండ్, బెంగాల్ కుర్రాళ్లను తెచ్చిన మేస్త్రి వాళ్ల దగ్గర ఎంత కోస్తున్నాడు? సైట్‌లో కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా (కాంట్రాక్టరుకు పని అప్పగించిన అసలు యజమానిగా) కట్టాల్సింది మీరే, ఇది చట్టం. బ్లాకు మారినంత మాత్రాన బాధ్యత తప్పదు.

మూడో మెట్టు: క్యాలెండర్ చూసి కదలండి

దీన్ని చాలా కంపెనీలు పట్టించుకోవు. తనిఖీలు జనవరి, ఫిబ్రవరుల్లో పెట్టుకుంటాయి, ఎండలు ముదరకముందు తిరగడం సులువని. అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది. పశ్చిమ ఒడిశాలో కొత్త వడ్ల పండుగ నువాఖాయి మన వినాయక చవితి మర్నాడు వస్తుంది. పండుగ ఖర్చు, పాత బాకీలు, ఇంట్లో జబ్బు, పెళ్లి, ఇలా చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లోనే సర్దార్లు గుమ్మం ముందుకొస్తారు. తర్వాత నెలల్లో బలాంగీర్ జిల్లా కాంటాబాంజీ స్టేషన్‌లో మూటాముల్లెతో, పిల్లలతో జనం రైలెక్కుతారు. అడ్వాన్స్ చేతిలో పడిన రోజే షరతులు ఖాయమవుతాయి. బట్టీకి చేరాక మీరు ఎంత మంచి మాటలు చెప్పినా ఆ అప్పు అలాగే ఉంటుంది.

ఆ అడ్వాన్స్ వెనక ఎంత భయం ఉంటుందో 2013 డిసెంబరులో దేశం చూసింది. కలహండి కూలీలను తీసుకెళ్తున్న ఏజెంట్లు అడ్వాన్స్ గొడవలో ఇద్దరి కుడిచేతులు నరికేశారు. సుప్రీంకోర్టు ఆ ఘటనను తనంతట తానే విచారణకు తీసుకుంది.

అందుకే మీ పని ఆగస్టులో మొదలవ్వాలి. ఆ సీజన్‌కు ఏయే బట్టీల నుంచి కొంటారో, ఏ రేటుకు కొంటారో వినాయక చవితిలోపు రాతపూర్వకంగా చెప్పేయండి. ముందే ఆర్డర్ ఖాయమైతే యజమాని కూలీలను తెచ్చే పద్ధతి మీద మీకు మాట చెల్లుతుంది. ఫిబ్రవరిలో అత్యవసరంగా లోడ్లు కావాలని ఫోన్ చేసేవాడి మాటకు విలువ ఉండదు.

నాలుగో మెట్టు: మీరిచ్చే రేటులో కూలి ఉందా?

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ బట్టీలో అసలు రేటు కనుక్కుని వేసుకోండి. అచ్చు పోసినందుకు వెయ్యి ఇటుకలకు 700 రూపాయలు అనుకుందాం. ముగ్గురున్న కుటుంబం 12 గంటలు చేసి 1500 పోసింది. వచ్చేది 1050. మనిషికి 350. ఎనిమిది గంటల పనికి కుదిస్తే 233 రూపాయలు. దీన్ని ఆ సంవత్సరం ఇటుక తయారీకి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం పక్కన పెట్టి చూడండి. తక్కువ ఉంటే, 1982 తీర్పు ప్రకారం మీ సరుకులో బలవంతపు చాకిరీ ఉంది. అదనపు గంటలకు రెట్టింపు కూలి అన్న సంగతి ఇంకా ఇందులో కలపలేదు.

చిట్టాల్లో ఇంకో రెండు మోసాలు దొర్లుతుంటాయి. వెయ్యికి ఇన్ని అని తరుగు తీసేయడం ఒకటి. రాత్రి వాన పడి పచ్చి ఇటుక కరిగిపోతే ఆ పనికి లెక్కే లేకపోవడం రెండోది. కష్టం కుటుంబానిది, వాన నష్టమూ కుటుంబానిదే. ఈ రెండూ కలిపి లెక్క వేస్తేగాని అసలు కూలి తేలదు.

ఇప్పుడు అదే లెక్కను వెనక్కి తిప్పండి. కనీస వేతనం దక్కాలంటే వెయ్యి ఇటుకలకు అచ్చుకూలి ఎంత ఉండాలి, దాని మీద మట్టి, బొగ్గు లేదా ఊక, కాల్పు, రవాణా, యజమాని లాభం కలిస్తే ఇటుక ధర ఎంత? ఆ అంకె కంటే తక్కువకు బేరం ఆడొద్దని పర్చేజ్ విభాగానికి రాతలో ఇవ్వండి. ‘ఎంత తగ్గించావు’ అని చూసి బోనస్ ఇచ్చే పద్ధతి ఇటుక, కంకర, లేబర్ కాంట్రాక్టుల మీద తీసేయండి. కంపెనీలో ఒకవైపు మానవ హక్కుల పాలసీ అచ్చు వేస్తూ, ఇంకోవైపు లోడుకు పావలా తగ్గించినవాణ్ని మెచ్చుకుంటే కింద ఉన్నవాళ్లకు రెండోదే వినపడుతుంది.

బిల్లు గడువు కూడా రేటులో భాగమే. మీరు 90 రోజులకు చెల్లిస్తే, యజమాని కుటుంబాల లెక్క సీజన్ చివర చూద్దాం అంటాడు. ఇటుకకు 15 రోజుల్లో చెల్లించండి.

ఐదో మెట్టు: అడ్వాన్స్‌ను దారికి తేవడం

అడ్వాన్స్ మొత్తం రద్దు చేయాలని రాసే పాలసీలు చదివాను. ఉద్దేశం మంచిదే కానీ పనిచేయదు. పండుగ ముందు డబ్బు అవసరం ఎక్కడికీ పోదు. బట్టీ ఇవ్వకపోతే సర్దార్ వడ్డీకి తెచ్చి ఇస్తాడు, అప్పుడది మీ చిట్టాల్లో అసలు కనిపించదు. అడ్వాన్స్ ఇవ్వడం దానంతట అది నేరం కాదు, దాన్ని చూపించి మనిషిని కట్టేయడం నేరం. కాబట్టి ఈ షరతులు పెట్టండి:

– అడ్వాన్స్ యజమాని నుంచి నేరుగా కుటుంబానికి, వీలైతే భార్యాభర్తలిద్దరి ఖాతాల్లోకి వెళ్లాలి. సర్దార్ కమీషన్, రైలు చార్జీలు యజమాని ఖర్చు, కుటుంబం లెక్కలో రాయకూడదు.
– వడ్డీ ఉండకూడదు. కోత వారానికి ఎంతో ముందే రాయాలి. వేతనాల కోడ్ ప్రకారం అన్ని కోతలూ కలిపి కూలిలో సగం దాటకూడదు. నా సలహా అయితే పావు వంతు కంటే పోనివ్వకండి.
– వారం వారం ఇచ్చే బత్తెంతో సరిపెట్టకుండా, పూర్తి కూలి లెక్క 15 రోజులకోసారి తేల్చాలి. సీజన్ చివరిదాకా డబ్బు యజమాని దగ్గర ఉండిపోయిందంటే కుటుంబం తాళ్లు అతని చేతిలో ఉన్నట్టే.
– బాకీ ఉన్నా సరే, వెళ్లిపోతానంటే వెళ్లనివ్వాలి. ఈ వాక్యం ఒడియా లిపిలో ఉన్న కాగితం కుటుంబం దగ్గర ఉండాలి, చదివి వినిపించి ఉండాలి.

నియామకానికి అయ్యే ఖర్చు పని ఇచ్చేవాడే భరించాలన్నది ఇప్పుడు అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతి. మలేసియా గ్లవ్స్ కంపెనీ టాప్ గ్లవ్ సరుకును బలవంతపు చాకిరీ కారణంగా 2020 జులైలో అమెరికా ఆపేస్తే, వలస కార్మికులు ఏజెంట్లకు కట్టిన ఫీజులను కంపెనీ తిరిగి చెల్లించాక 2021 సెప్టెంబరులో గాని నిషేధం తొలగలేదు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల విషయంలో కూడా ఇదే చూడాలి. రిజిస్టరైన ఏజెంటు 30 వేల రూపాయలు, పన్ను కంటే ఎక్కువ తీసుకోకూడదని నిబంధన. మీ కంపెనీ గల్ఫ్ ప్రాజెక్టుకు మనుషుల్ని పంపుతుంటే ప్రతి ఒక్కరినీ విడిగా అడగండి, ఎంత కట్టారని.

ఆరో మెట్టు: బట్టీకి వెళ్లినప్పుడు

చెప్పి వెళ్తే తెల్లటి షర్టులేసుకున్న గుమాస్తాలు రిజిస్టరు పట్టుకుని ఎదురొస్తారు. తనిఖీకి పోయేవాళ్లు కూడా తెల్లారాక పదింటికి పోతారు. పని తెల్లవారుజామునే మొదలవుతుంది, చూడాల్సింది అప్పుడు. మగమనిషి మట్టి కలిపి ముద్దలు చేసిస్తాడు, ఆడమనిషి అచ్చులో కొట్టి నేల మీద వరసగా దింపుకుంటూ పోతుంది, ఆరుతున్న పచ్చి ఇటుకను ఏడెనిమిదేళ్ల పిల్ల ఒక్కొక్కటీ పక్కకు తిప్పుతుంటుంది. బరువు తక్కువ కాబట్టి పిల్లలు నడిస్తే ఇటుక చెడదు, అందుకే ఆ పని వాళ్లకు పడుతుంది. ‘వాళ్లమ్మ దగ్గర ఆడుకుంటోంది’ అంటాడు గుమాస్తా. ఆ పాప వేళ్ల సందుల్లో ఎండిన మట్టి చూడండి.

2017 జనవరిలో రాచకొండ పోలీసులు యాదాద్రి భువనగిరి జిల్లా బట్టీల నుంచి సుమారు 200 మంది పిల్లలను బయటికి తెచ్చారు. అప్పటి కమిషనర్ మహేశ్ భగవత్ హయాంలో బట్టీల దగ్గరే ఒడియాలో చదువు చెప్పే బడులు నడిపించారు. బడి ఉన్నచోట పిల్లలు అచ్చుల దగ్గర తగ్గుతారు, ఇది మీ కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బుకు అన్నిటికంటే మంచి దారి.

కుటుంబాలతో మాట్లాడడానికి సర్దార్‌ను గానీ అతని మనిషిని గానీ దుబాసీగా పెట్టుకోకండి. పశ్చిమ ఒడిశావాళ్లు ఇళ్లలో సంబల్‌పురి మాట్లాడతారు. ఆ ప్రాంతం నుంచి వచ్చిన మహిళ ఒకరు మీ టీమ్‌లో ఉంటే సగం పని అయినట్టే. బట్టీలో కంటే సంతలో, నీళ్ల దగ్గర, ఆదివారం మాట్లాడడం మేలు. ‘మిమ్మల్ని కట్టేశారా’ లాంటి ప్రశ్నలు వద్దు. ఎంత తీసుకున్నారు, ఇంకా ఎంత ఉందని చెప్పారు, ఆధార్ ఎవరి దగ్గరుంది, పోయిన నెల ఇంట్లో ఎవరైనా చనిపోతే ఊరెళ్లనిచ్చారా, సరుకులు ఎక్కడ కొంటారు అని అడగండి. పేర్లు రాయొద్దు, ఫొటోలు తీయొద్దు. మీరు వెళ్లిపోయాక వాళ్లు అక్కడే ఉండాలి.

తర్వాత చిట్టా అడగండి. అది సాధారణంగా స్కూలు నోటుపుస్తకం, తెలుగులో రాసి ఉంటుంది, ఎవరి కోసం రాశారో వాళ్లకు చదవరాదు. అడ్వాన్స్ కింద రైలు ఖర్చు, బియ్యం, ఆసుపత్రి, మళ్లీ బియ్యం అంటూ పేరుకుపోతుంటాయి. పోసిన ఇటుకల కాలమ్ పక్కన బాకీ కాలమ్ పెట్టి చూడండి. రెండు నెలలు పని చేసినా బాకీ తగ్గకపోతే మీకు ఇంకే సాక్ష్యం అక్కర్లేదు.

ఏడో మెట్టు: వెట్టి కనిపిస్తే

అన్నిటికంటే తొందరపాటు జరిగేది ఇక్కడే. కంపెనీలు వెంటనే ఆర్డర్ రద్దు చేసి చేతులు దులుపుకుంటాయి. లేదంటే యజమానికి ఫోన్ చేసి హెచ్చరిస్తాయి. ఆ ఫోన్ వెళ్లిన రాత్రే కుటుంబాలను వ్యాన్ ఎక్కించి ఇంకో బట్టీకి మారుస్తారు. చేసిన పనికి కూలి రాదు, అప్పు మిగులుతుంది, ఊళ్లో సర్దార్ మళ్లీ గుమ్మం ముందుంటాడు.

ప్రాణభయం, కొట్టడం, బంధించడం ఉంటే 112కు, పిల్లలుంటే 1098కి వెంటనే చెప్పండి. మిగతా సందర్భాల్లో జిల్లా కలెక్టరుకు గానీ ఆర్డీవోకు గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 1976 చట్టం కింద విచారించి విడిపించాల్సిన బాధ్యత వాళ్లది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సాయం 15100 నంబరులో దొరుకుతుంది. మనుషుల అక్రమ రవాణా అయితే భారతీయ న్యాయ సంహితలో 143, బలవంతపు చాకిరీకి 146 సెక్షన్లు ఉన్నాయి. యజమానికి ముందే తెలియకుండా చూడండి.

వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులు ఇచ్చే విడుదల పత్రం ప్రతి మనిషికీ వచ్చేదాకా వదలకండి. అది లేకుండా ఊరికి పంపేస్తే పునరావాసం అందదు. కేంద్ర పథకంలో తక్షణ సాయంగా 30 వేల వరకు, ఆ తర్వాత పురుషులకు లక్ష, మహిళలకు పిల్లలకు 2 లక్షలు, అక్రమ రవాణా, లైంగిక దోపిడీ లాంటి ఘోరమైన కేసుల్లో 3 లక్షలు ఉన్నాయి. పెద్ద మొత్తం కేసులో శిక్ష పడటంతో ముడిపడి ఉంది కాబట్టి ఏళ్లు పట్టొచ్చు. అందుకే కంపెనీ వంతుగా, మీరు కొన్న ఇటుక మేరకు ఎగ్గొట్టిన కూలిని యజమాని బిల్లులో ఆపి కుటుంబాలకు ఇప్పించండి. ఈ షరతు కొనుగోలు ఒప్పందంలో ముందే ఉండాలి.

యజమాని తప్పు సరిదిద్దుకుని, అధికారుల విచారణకు సహకరిస్తే అతని దగ్గర కొనడం కొనసాగించండి. దొరికిన ప్రతి బట్టీనీ వదిలేస్తే మిగతావాళ్లు దాచడం నేర్చుకుంటారు.

ఎనిమిదో మెట్టు: రిపోర్టులు

స్టాక్ మార్కెట్లో ఉన్న టాప్ 1000 కంపెనీలు 2022-23 నుంచి సెబీ నిబంధన ప్రకారం ఇస్తున్న బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో బలవంతపు చాకిరీ గురించి ప్రశ్నలున్నాయి. ఎగుమతి చేసేవాళ్లకు ఒత్తిడి ఇంకా ఎక్కువ. బలవంతపు చాకిరీతో తయారైన సరుకును అమెరికా 1930 టారిఫ్ చట్టం కింద రేవులోనే ఆపగలదు, అలాంటి సరుకు మీద యూరోపియన్ యూనియన్ నిషేధం 2027 డిసెంబరు 14 నుంచి అమల్లోకి వస్తుంది. గోదావరి, కృష్ణా, నెల్లూరు రొయ్యల కంపెనీలు, కరీంనగర్, ఒంగోలు గ్రానైట్ కంపెనీలు ఇప్పటి నుంచే చెరువు దాకా, క్వారీ దాకా రికార్డు పెట్టుకోవాలి. రిపోర్టులో ‘ఫిర్యాదులు: సున్నా’ అని రాయడం గొప్ప కాదు. ఫోన్ నంబరు తెలుగులో, ఇంగ్లిష్‌లో మాత్రమే గోడకు అంటించిన చోట సున్నానే వస్తుంది. ఒడియా, హిందీ, బెంగాలీలో మాట్లాడేవాళ్లు ఎత్తే నంబరు పెట్టి, ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఏం చేశారో రాయండి.

తొమ్మిదో మెట్టు: జులైలో ఊళ్లకు వెళ్లండి

సీజన్ ముగిశాక కుటుంబాలు ఇళ్లకు చేరతాయి. బట్టీలో నోరు విప్పనివాళ్లు సొంత అరుగు మీద కూర్చుని లెక్క చెబుతారు. స్థానికంగా పనిచేసే సంస్థ సాయంతో కొన్ని ఊళ్లు తిరిగి రెండు సంగతులు అడగండి: చివరి లెక్కలో చేతికి ఎంత వచ్చింది, వచ్చే ఏడాదికి బాకీ ఏమైనా మోపారా. మీ రిజిస్టరులో ఉన్న అంకె, వాళ్లు చెప్పిన అంకె కలవకపోతే ఆ బట్టీ పేరు పక్కన రాసుకోండి. ఆగస్టులో రేటు మాట్లాడేటప్పుడు ఆ కాగితం యజమాని ముందు పెట్టి, పోయిన సీజన్ బాకీ కూలి చెల్లించాకే కొత్త ఆర్డర్ మీద సంతకం పెట్టండి.